పాల వంతు

దుప్పటి మడత ఒక్కరి పని కాదు. ఆవిరి రోలరులోంచి వేడిగా జారి వచ్చే దుప్పటిని ఇద్దరు చెరో అంచు పట్టుకోవాలి, ఒక్క ఊపున విదిలించాలి, ఎదురూబొదురూ నడిచి మూలకు మూల కలపాలి. ఒకరు పక్కకు పోతే రెండోవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. రోలరు మాత్రం ఆగదు. వచ్చిన దుప్పటి వచ్చినట్టు కింద పడుతుంది, మాసిపోతుంది, మళ్ళీ ఉతకాలి. ఆ లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ లారీలకు లారీలు వస్తాయి.

తువ్వాళ్ళ మడత వేరు. అది ఒక్కరు స్టూలు మీద కూర్చుని చేసుకునే పని. ఆ స్టూలు మీద మేస్త్రి బావమరిది కూర్చుంటాడు. దున్నపోతులాంటి మనిషి. అతను అక్కడ ఎందుకు కూర్చున్నాడని ఎవరూ అడగలేదు. ఆ స్టూలుతోనే పుట్టాడన్నట్టు అందరూ ఊరుకున్నారు.

షెడ్డు వెనక ఉయ్యాల గది ఉంది. అది ఊరికే రాలేదు. ఆడవాళ్ళంతా బాయిలరు ముందు బైఠాయించి సాధించుకున్నారు. చిరిగిన దుప్పట్లతో కట్టిన ఉయ్యాలల్లో ముగ్గురు చంటిపిల్లలు ఊగుతుంటారు. గది వచ్చింది గానీ, గదిలోకి పోవడానికి తీరిక రాలేదు. తల్లి పాలివ్వడానికి పోతే ఆమె జోడీ ఖాళీ. ముగ్గురు తల్లులూ విడివిడిగా పోతే పొద్దస్తమానం ఎవరో ఒకరి బల్ల ఆగిపోయే ఉంటుంది. మేస్త్రి సణుగుతాడు, జోడీలు మూతి ముడుస్తారు. అందుకని ఆడవాళ్ళే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరు వెళ్తే వాళ్ళు ముగ్గురికీ పాలిచ్చి రావాలి. దాన్ని పాల వంతు అనేవాళ్ళు.

మొదట్లో వంతు ముగ్గురి మధ్యా తిరిగేది. రానురాను ముగ్గురిలో బొద్దు అని పిలిచే ఆమె దగ్గర ఆగిపోయింది. బొద్దుకి పాలెక్కువ. పిల్లలు ఆమె ఒళ్ళో ఇట్టే నిండి, ఇట్టే నిద్రపోతారు.

"బొద్దు పోతే చిటికెలో వస్తుంది. మీరు పోతే పుట్టింటికి పోయినట్టే" అనేవాడు మేస్త్రి.

మిగతా ఇద్దరిలో ఒకామె పొడుగమ్మ. దుప్పటి అంచు పైకెత్తితే ఎదుటి మనిషి మునివేళ్ళ మీద నిలబడాలి. రెండో ఆమె మిరపకాయ. ఆ పేరు రంగుని బట్టి రాలేదు, నోటిని బట్టి వచ్చింది.

మిరపకాయకి ఒకే కూతురు, ఆరో నెలలోకి అడుగు పెట్టబోతున్న చంటిది. ఆ కాన్పు తేలిగ్గా కాలేదు. బిడ్డ అడ్డం తిరిగితే పొట్ట కోసి తీశారు. రక్తం చాలా పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మొగుడూ పెళ్ళాల్ని ఎదురుగా నిలబెట్టి చెప్పింది. "కనీసం రెండేళ్ళు మళ్ళీ కడుపు రాకూడదు. లోపలి కుట్టు గట్టిపడాలి. తొందరపడితే ప్రాణం మీదికొస్తుంది." ఎలా రాకుండా చూసుకోవాలో కూడా చెప్పే ఉంటుంది. ఆ నొప్పిలో మిరపకాయకి అది చెవికెక్కలేదు. పక్క మంచం మీదామె అన్న మాట మాత్రం ఎక్కింది. "పాలిచ్చినన్నాళ్ళూ ఏం కాదులే అమ్మాయ్." ఇంటికొచ్చాక అత్త కూడా అదే అంది. హాయిగా ఉన్న మాట ఎవరికైనా తొందరగా ఎక్కుతుంది.

చంటిదానికి తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టలేదు మిరపకాయ. ముట్టు మళ్ళీ మొదలు కాలేదు. ఇంక బెంగేముంది? పైగా ఆ పిల్ల బంగారం. పొద్దుగూకితే పడుకుని తెల్లారేదాకా లేవదు. "మా పిల్లకి బుద్ధి ఎక్కువ, అమ్మకి నిద్ర కావాలని తెలుసు" అని షెడ్డంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఒకరోజు పొద్దున పొడుగమ్మ పక్క బల్ల నుంచి ఏదో అంది. రోలరు మోతలో వినపడలేదు.

"ఏంటే?"

పొడుగమ్మ గొంతు పెంచింది. ఇంకా వినపడలేదు. చివరికి చేతిలో దుప్పటి వదిలేసి గట్టిగా అరిచింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి బెల్టు సరిచేయడానికి రోలరు ఆపాడు.

"నాకు మళ్ళీ కడుపొచ్చిందే!"

షెడ్డంతా తిరిగి చూసింది. బావమరిది మడుస్తున్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొడుగమ్మ నాలిక కరుచుకుంది గానీ, ఆమె కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

"ఎట్లా? నీ పిల్లకింకా అయిదో నెలే కదా? పాలిస్తున్నావు కదా?" అంది మిరపకాయ.

"ఇస్తున్నా కాబట్టే ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు. వాంతులైతే ఏదో పడలేదనుకున్నా."

"ముట్టు మొదలైందా మధ్యలో?"

"ఒక్కసారి కూడా రాలేదే తల్లీ. అదొస్తుంది, అప్పుడు చూసుకుందాంలే అనుకుంటున్నా. దానికంటే ముందు ఇదొచ్చి కూర్చుంది." పొట్ట మీద తట్టుకుంది. "పోనీలే, ఎలాగూ ఇంకొకరు కావాలనుకున్నాం. ఇద్దర్నీ ఒకే ఊపులో పెంచేస్తే పీడా పోతుంది."

అందరూ నవ్వారు. మిరపకాయ నవ్వలేదు. ఆమె చెయ్యి తనంతట తానే పొత్తికడుపు మీదికి, చీర కింద గట్టుకట్టిన కుట్టు మీదికి పోయింది. పొడుగమ్మ తనలాగే పాలిస్తోంది. తనలాగే ఆమెకీ ముట్టు రాలేదు. ఆమెకి వచ్చిన కడుపు తనకెందుకు రాదు? పొడుగమ్మకి అది సంబరం. తనకి మళ్ళీ కత్తి. ఈసారి కత్తితో పోతుందో, మనిషే పోతుందో.

తిండి వేళకి ఉయ్యాల గదికి పరిగెత్తింది. అక్కడ పిల్లల్ని చూసుకునేది మిరపకాయ అత్తే. మూడు ఉయ్యాలల తాళ్ళూ ఒక్క కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ, చేత్తో వక్క కొరుకుతూ కూర్చుంది.

"అత్తా, పాలిస్తుంటే కడుపు రాదన్నావే!"

"నేనెవర్ని అనడానికి? నా ఒళ్ళే చెప్పింది. నలుగుర్ని కన్నా. ఒక్కొక్కరికీ రెండు మూడేళ్ళ ఎడం. మాత్రలు మింగానా? మీ మావ ఏమన్నా బుద్ధిమంతుడా?"

"పొడుగమ్మకి వచ్చిందత్తా."

అత్త వక్క నమలడం ఆపింది. కోడలి మొహంలోకి చూసింది. కుట్టు సంగతి ఆమెకీ తెలుసు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేల మీద కూలబడింది ఆమే.

"నీకు ఒంట్లో ఏమన్నా తేడాగా ఉందా?"

"ఏమో. భయంతో తేడాగా ఉందో, తేడాగా ఉండి భయమేస్తుందో తెలీడం లేదు."

"అయితే ఇక్కడ నిలబడి నన్ను తిడితే ఏమొస్తుంది? పోయి చూపించుకో. వాణ్ణి కూడా లాక్కుపో. ఇద్దరు చేసిన పనికి ఒక్కదానివే ఎందుకు పోవాలి?"

ఆ వాడు, అంటే మిరపకాయ మొగుడు, గోడలకి రంగులేసే పెయింటరు. సాయంత్రం ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో చెవుల మీద నీలం రంగు తుడుచుకుంటుంటే మిరపకాయ ఎదురుగా నిలబడింది.

"రేపు ఆసుపత్రికి రా నాతో."

"పిల్లకేమైంది?"

"పిల్లకి కాదు. నాకు మళ్ళీ కడుపేమోనని."

అతని చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "పాలిస్తున్నావుగా?"

"అదే పాట! ఊరంతా అదే పాట! పాలిస్తున్నానని నువ్వు నిశ్చింతగా ఉన్నావు, నేను నిశ్చింతగా ఉన్నాను. రేపు పనికి పోకు. ఆ గోడ ఎక్కడికీ పారిపోదు."

అతను గుడ్డ పక్కన పడేశాడు. ఒక చెవి నీలంగానే ఉండిపోయింది.

ఆసుపత్రిలో గర్భిణీల గది నర్సు చురుకైన మనిషి. మిరపకాయనీ, ఒళ్ళో చంటిదాన్నీ, వెనక నీలం చెవితో బెంచీ అంచున కూర్చున్న పెయింటరునీ చూసి, "చెప్పమ్మా" అంది. మిరపకాయ చెప్పింది.

"పాలివ్వడం వల్ల కడుపు రాకుండా ఉండే మాట నిజమే. ఊరికే నిజం కాదు, మూడు షరతులున్నాయి. మూడూ ఉంటేనే నమ్మాలి" అంది నర్సు. "బిడ్డకి ఆరు నెలలు నిండాయా?"

"ఇంకా నిండలేదు."

"ముట్టు మొదలైందా?"

"లేదు."

"తల్లిపాలు కాక ఏమన్నా పెడుతున్నావా? డబ్బా పాలు, నీళ్ళు, ఉగ్గు?"

"చుక్క నీళ్ళు కూడా పట్టలేదు సిస్టర్. తల్లిపాలే." మిరపకాయ గొంతులో కాస్త గర్వం వచ్చింది. పెయింటరు కూడా వెనక నుంచి తలూపాడు, ఆ పాలు తనే ఇచ్చినట్టు.

"మంచిదే. అయితే నూటికి ఒకరిద్దరికి తప్ప రాదు. ఎందుకా భయం?" నర్సు లేవబోతూ, మాటవరసకి అడిగింది. "పగలు పనికి పోతావన్నావు. మధ్యలో ఎన్నిసార్లు ఇచ్చి వస్తావు?"

"నేనెక్కడ ఇస్తాను సిస్టర్? పగలంతా బొద్దు ఇస్తుంది."

నర్సు మళ్ళీ కూర్చుంది. "బొద్దు ఎవరు?"

మిరపకాయ పాల వంతు గురించి చెప్పింది. చెబుతున్నకొద్దీ నర్సు నోరు తెరుచుకుంటోంది.

"నీ బిడ్డకి ఇంకో ఆమె పాలిస్తుందా?"

"తల్లిపాలే కదా సిస్టర్. ఆమె కూడా తల్లే."

"ఓసి నీ అమాయకత్వం బంగారం కానూ!" నర్సు రెండు చేతులతో తల పట్టుకుంది. "పద్దెనిమిదేళ్ళ నుంచి ఈ ప్రశ్నలే అడుగుతున్నాను. ఎవరి పాలు అని అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. ఇటు చూడు. నీ బిడ్డ కడుపు నిండిందా లేదా అనేది నీ ఒంటికి తెలియదు. నీ రొమ్ము చీకుతున్నారా లేదా, అదొక్కటే తెలుసు. చీకినప్పుడల్లా ఆ కబురు పైన మెదడుకి పోతుంది, అండం విడుదల కాకుండా ఆగుతుంది. పగలు నాలుగు గంటలకి మించి, రాత్రి ఆరు గంటలకి మించి ఎడం రాకూడదు. నువ్వు పొద్దున ఎప్పుడిస్తావు?"

"బయల్దేరే ముందు."

"మళ్ళీ?"

"సాయంత్రం ఇంటికొచ్చాక."

"రాత్రి?"

మిరపకాయ ఒళ్ళో పిల్ల వైపు చూసింది. తెల్లారేదాకా లేవని పిల్ల. షెడ్డంతా చెప్పుకుని మురిసిన పిల్ల.

"అంటే నీ బిడ్డ తల్లిపాల మీద ఉంది. నీ ఒళ్ళు మాత్రం పాలు మాన్పించిన మనిషి ఒళ్ళులా ఉంది. ఇంక ముట్టు సంగతంటావా, అండం ముందు వస్తుంది, ముట్టు తర్వాత వస్తుంది. ముట్టు వచ్చాక జాగ్రత్త పడదామని కూర్చుంటే ఈలోపే కడుపు రావచ్చు."

పొడుగమ్మ సంగతి అదే. మిరపకాయకి అత్త కూడా గుర్తొచ్చింది. ఇటుకల బట్టీలో పిల్లని ఒంటికి కట్టుకుని పని చేసిందట. పిల్ల మూతి రొమ్ముకీ, తల్లి చెయ్యి ఇటుకకీ. రాత్రి పక్కలో కూడా అదే పద్ధతి. అత్త ఒళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ ఒళ్ళు బతికిన బతుకు వేరు.

"ఇంకొకటి. ఒకరి బిడ్డకి ఒకరు పాలిచ్చేటప్పుడు రక్తపరీక్షలు చేయించుకున్నారా? కొన్ని జబ్బులు పాలతోనే పోతాయి. ఆ బొద్దుని కూడా నా దగ్గరికి పంపు" అని నర్సు మూత్రం పట్టి తెమ్మని చిన్న డబ్బా చేతిలో పెట్టింది. "ముందు ఇది తేల్చుకుందాం. ఒక గీత వస్తే లేదు. రెండొస్తే ఉంది."

పరీక్ష పట్టీ కిటికీ గట్టు మీద పెట్టి ముగ్గురూ కాచుకున్నారు. మిరపకాయ చూడలేక పిల్ల నెత్తిని వాసన చూస్తూ కూర్చుంది. పెయింటరు మాత్రం తడి గోడ ఆరుతుందో లేదో చూసినట్టు కళ్ళార్పకుండా చూశాడు.

"ఒకటే" అన్నాడు చివరికి. "ఒకటే గీత. లేదంతే!"

"ఎగరకు" అంది నర్సు. "మరీ కొత్తదైతే ఇప్పుడే కనపడకపోవచ్చు. మూడు వారాలాగి మళ్ళీ రండి. అప్పుడూ ఒకటే వస్తే కాపర్‌టీ వేస్తాను. పాలకి అడ్డం రాదు, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. అందాకా ఇదిగో." నిరోధ్ పెట్టె తీసి మిరపకాయకి ఇవ్వలేదు. ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి పెయింటరుకి ఇచ్చింది. "ఇది నీ పని. ఒక్కసారి కూడా మానకూడదు. అర్థమైందా?"

అతని రెండో చెవి కూడా రంగు మారింది.

మర్నాడు మిరపకాయ షెడ్డులో అడుగు పెడుతూనే బొద్దుని పక్కకి లాగింది. ఇవాళ్టి నుంచి నా పిల్లకి నేనే ఇచ్చుకుంటానంది.

బొద్దు మొహం చిన్నబోయింది. "నా పాలు చేదెక్కాయా?"

"చేదేంటే పిచ్చిదానా. నీ పాలే లేకపోతే మా పిల్లలు గుక్కపట్టి చచ్చేవాళ్ళు." నర్సు చెప్పినదంతా చెప్పింది. "నీ సంగతి కూడా చూసుకో. నీ వాడికి ఎనిమిదో నెల."

"అయితే ఏం? ముగ్గురికి ఇస్తున్నా. నాకంటే ఎక్కువ ఎవరిస్తారు?"

"ఆరు దాటాక ముగ్గురికి ఇచ్చినా ముప్పైమందికి ఇచ్చినా నమ్మడానికి లేదట. వాడు ముద్దలు కూడా మింగుతున్నాడాయె. పోయి సిస్టర్‌ని కలువు."

బొద్దు గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? నాకూ ఒళ్ళు లాగేస్తోందే. అడిగితే మీరేమనుకుంటారోనని ఊరుకున్నా. ఒక్కోసారి అనిపిస్తుంది, నేనేమన్నా డెయిరీనా అని."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వయ్యాక మిరపకాయ నేరుగా మేస్త్రి దగ్గరికి నడిచింది.

"మా పిల్లలకి మేమే పాలిచ్చుకుంటాం. ఆకలేసినప్పుడల్లా పోతాం."

"పోండి. మీ జోడీల దుప్పట్లు ఎవరు మడుస్తారు, మా తాతా?"

"మీ తాత ఎందుకు? మీ బావమరిది మడుస్తాడు."

అందరి తలలూ ఇటు తిరిగాయి. రోలరు మాత్రం మోగుతూనే ఉంది.

"తువ్వాళ్ళ మడత ఒక్కరి పని. మధ్యలో లేచిపోతే తువ్వాళ్ళు ఏడవవు, జోడీ ఖాళీగా నిలబడక్కర్లేదు. ఆ బల్ల తల్లులకి ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? రెండు దుప్పట్లు ఒంటిచేత్తో ఎత్తగలిగిన మనిషి! పచ్చి బాలింతలం మేం నిలబడి ఆవిరిలో చస్తుంటే, ఆయన స్టూలెక్కి రుమాళ్ళు దిద్దుకుంటున్నాడు. ఆ స్టూలు ఆయనకి మీ చెల్లెలు కాపరానికి పోయేటప్పుడు సారెగా పెట్టారా?"

"మా ఆవిడ తమ్ముడు వాడు, చెల్లెలి మొగుడు కాదు" అన్నాడు మేస్త్రి, ఏం అనాలో తెలియక.

"ఎవరైతే నాకేం? లేపు."

పొడుగమ్మ దుప్పటి అంచు వదిలేసింది. బొద్దు వదిలేసింది. ఒకరి వెనక ఒకరు బల్లల దగ్గరి ఆడవాళ్ళంతా వదిలేశారు. దుప్పట్లు వచ్చి వచ్చి నేల మీద కుప్పలు పడ్డాయి. బాయిలరు ముందు కూర్చున్న రోజులు మేస్త్రికి గుర్తొచ్చినట్టున్నాయి. బావమరిది వైపు చూశాడు. అతను అప్పటికే స్టూలు దిగాడు.

"నాకూ కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది బావా" అన్నాడు మెల్లిగా.

పాపం, మంచివాడే. అతన్నెవరూ లేపలేదు గనక కూర్చున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఉయ్యాల గదిలో చంటిది మిరపకాయ రొమ్ము చూసి మొహం తిప్పుకుంది. పగటి పూట ఈవిడెవరన్నట్టు ఒక్కటే ఏడుపు. బొద్దు కనపడగానే చేతులు చాపింది.

"చూడత్తా దీని పొగరు! కన్నది నేను, చేతులు చాపేది దానికి."

"నువ్వు పట్టించుకోకపోతే అది పరాయిదాన్ని వెతుక్కుంది. తప్పు దానిదా?" అత్త ఉయ్యాల తాడు విప్పుతూ అంది. "ఊరికే తొందర పెట్టకు. ఒళ్ళో వేసుకుని కూర్చో. అదే వస్తుంది."

రెండు రోజులు అలిగింది. మూడో రోజు, తప్పదన్నట్టు, అందుకుంది. వారం తిరిగేసరికి తల్లి అడుగు చప్పుడుకే కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. తువ్వాళ్ళ బల్ల దగ్గర ముగ్గురు తల్లులూ కూర్చునేవాళ్ళు. బొద్దు జోడీ, పొడుగమ్మ జోడీ ఒక జత అయ్యారు, మిరపకాయ జోడీకి బావమరిది వచ్చాడు. బొద్దూ పొడుగమ్మా వెళ్ళి రక్తపరీక్షలు చేయించుకున్నారు, ఏ జబ్బూ లేదని తేలింది. బొద్దు తన దారి తను చూసుకుని కడుపు రాకుండా సూది వేయించుకుని వచ్చింది. పొడుగమ్మకి నిమ్మకాయ వాసన తప్ప ఏదీ పడటం లేదు.

ఆ మూడు వారాలూ మిరపకాయ పైకి నవ్వుతూనే తిరిగింది. తువ్వాలు మడిచే ప్రతిసారీ మధ్యలో పడే గీత చూసి, ఒకటి, అనుకునేది. ఒకటే, అని మళ్ళీ అనుకునేది.

గడువు వచ్చిన రోజు పొద్దున ఆసుపత్రికి వెళ్ళి, మధ్యాహ్నానికి షెడ్డుకి తిరిగొచ్చింది. రోలరు పూర్తి జోరు మీద ఉంది. బావమరిది దుప్పటి అంచు పట్టుకుని మిరపకాయ పాత జోడీతో తిట్లు తింటూ మూలలు కలపడం నేర్చుకుంటున్నాడు. పొడుగమ్మ దూరం నుంచే ఏదో అరిచింది. వినపడలేదు. ఏం అడుగుతోందో తెలుస్తూనే ఉంది.

మిరపకాయ గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది. ఒకే వేలు చూపించింది. తర్వాత అదే చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, కాపర్‌టీ వేయించుకున్నానన్నట్టు తలూపింది.

పొడుగమ్మ చేతిలో తువ్వాలు పైకప్పు దాకా ఎగరేసింది. బొద్దు బల్ల మీద దరువేసింది. ఏమైందా అని ఇటు తిరిగిన బావమరిది అంచు వదిలేశాడు. వేడి దుప్పటి వచ్చి అతని నెత్తి మీద నిండా కప్పుకుంది. లోపల్నుంచి "ఏమైందక్కా? నాకూ చెప్పండి" అంటున్నాడు.

వెనక గదిలోంచి చంటిదాని ఏడుపు వినపడింది. ఆ ఏడుపు ఎవరి కోసమో ఇప్పుడు షెడ్డులో అందరికీ తెలుసు. మిరపకాయ చెప్పులు గుమ్మంలోనే వదిలి లోపలికి నడిచింది.